పక్క మిషను వదిన

నోటు ఎక్కడ పెట్టాలో కూడా తెలియని మనిషి వచ్చి జూదం హాల్లో నా పక్క మిషను ముందు కూర్చుంది. చీటీ బయటికొచ్చే సందులోకి పది సోళ్ళ నోటు కుక్కుతోంది. నాకసలే ఓపిక తక్కువ.

"వదినా, నోటు పెట్టేది అక్కడ కాదు, ఇక్కడ. కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అన్నాను.

"ఉంటే కదా వదినా, ఎక్కడో ఒకచోట పెట్టుకోడానికి!" అని నవ్వేసింది. రెండు కళ్ళకీ పొరలట. మనుషులంతా మంచులో నిలబడ్డట్టు కనిపిస్తారట. చలికాలంలో లీమాలో అందరికీ అంతేలే, నీ గొప్పేముంది అన్నాను.

అలా నాకు పక్కన ఒక మనిషి దొరికింది. బ్రేన్యా పేటలో నాది ఒంటిగది. స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి మెడ పట్టేశాక పని మానేశాను. ఇంట్లో రేడియో తప్ప పలకరించే దిక్కు లేదు. ఈ హాల్లో కాఫీ ఊరికే ఇస్తారు, కోడిమాంసం పెట్టిన రొట్టె ఇస్తారు. అతి చిన్న పందెం కాస్తూ సాయంత్రం దాకా కాలక్షేపం చేయొచ్చు. నిజం చెప్పొద్దూ, గెలుస్తానని రాను నేను.

వదినకి ఆట నేర్పాను. "ఎన్ని గీతల మీద కాస్తే అన్ని పందేలు కట్టినట్టే. ఒక్క బొమ్మలో తప్పిపోయిందని ఊగిపోకు, తప్పితే తప్పినట్టే. ఇంకో మాట, మిషను ఐదు తీసుకుని రెండు తిరిగిచ్చి పెళ్ళిబాజాలు మోగిస్తుంది. అది గెలుపు కాదు, మూడు పోయినట్టు."

"మా ఆయన కంటే నయమే. ఆయన ఐదూ తీసుకుని బాజాలు కూడా మోగించేవాడు కాదు," అంది వదిన. నేనంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

అసలు సంగతి మాత్రం నేను చెప్పలేదు. పొద్దుటినుంచి మింగిన మిషను కడుపు నిండి సాయంత్రానికి కక్కి తీరుతుందని ఆ హాల్లో అందరూ అనుకుంటారు. వదిన కూడా నమ్మేసింది. నమ్మింది కాబట్టే రోజూ వచ్చేది. వచ్చేది కాబట్టి నేను నోరు మెదపలేదు.

ఒకరోజు సంచీ గుండెకి హత్తుకుని వచ్చింది. "వారం నుంచీ మింగుతోంది వదినా, ఇవాళ దీన్ని వదలను. ఆపరేషను డబ్బు తెచ్చేశా. ఒక కంటికే సరిపోతుంది. రెట్టింపయితే రెండు కళ్ళూ చేయించుకుంటా."

నిజం చెబితే రేపట్నుంచి రాదు. చెప్పకపోతే చివరి నోటు దాకా నా పక్కనే ఉంటుంది. దేవుడా, ఒక్క క్షణం నోరు మూసుకుందామనే అనిపించింది. తను మొదటి నోటు తీసి సందు కోసం తడుముతోంది. ఆ సందుకి నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

"దీనికి కడుపూ లేదు, జ్ఞాపకమూ లేదు వదినా. ఈ మిషన్లు బాగుచేసే ఎదిల్బెర్తో నాకెప్పుడో చెప్పాడు. ఎవరూ ఆడకపోయినా లోపల అంకెలు పడుతూనే ఉంటాయి. నువ్వు మీట నొక్కిన క్షణాన ఏది పడితే అదే నీ రాత. చక్రాలు తిరగడం ఉత్త వేషం. నిన్న నువ్వెంత పోశావో దానికి తెలియదు. అసలు నువ్వెవరో తెలియదు."

వదిన నా వైపు తిరిగింది.

"తెలిసీ నువ్వెందుకొస్తావు?"

"ఇంట్లో ఎవరున్నారని?" అన్నాను.

తడిమి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా నొక్కింది. నోటు సంచీలో పెట్టుకుని, "ఒక్క కన్నయినా చాల్లే," అంటూ లేచి వెళ్ళిపోయింది. మంచిపనే చేశానని నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది. ఆ తర్వాత పక్క కుర్చీలో ఎవరెవరో కూర్చున్నారు, ఒక్కరితోనూ మాట కలపబుద్ధి కాలేదు.

ఆ మధ్య ఒకరోజు మా వరుసలో మరమ్మతులు జరుగుతున్నాయని వెనకగదిలో కూర్చున్నాను. ఇంటికి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర కాపలా ఫర్మీన్ ఆపాడు.

"అమ్మా, వెళ్ళే ప్రతి ఆవిణ్ణీ అడుగుతున్నా. మీకెవరైనా వదిన ఉందా? మధ్యాహ్నం నల్లద్దాలు పెట్టుకుని ఒకావిడ వచ్చింది. కెమెరాకి మొహం కనపడాలి కదా, అద్దాలు తీస్తేనే రానిస్తానన్నా. ఆపరేషనయింది, డాక్టరు తీయొద్దన్నాడంది. మా వదినని పిలువు నాయనా అంది. లోపల బోలెడంతమంది ముసలమ్మలు, ఎలా ఉంటుందో చెప్పమన్నా. తెలీదు, చూడ్డానికే వచ్చా అంది."

"ఎటు వెళ్ళింది?"

"ఇక్కడే కాసేపు నిలబడింది. ఊరెళ్ళిపోతోందట, అన్నగారింటికి. బస్సు టైమైపోతోందని వెళ్ళిపోయింది."

"ఏ ఊరు?"

"అడగలేదమ్మా."

"బుద్ధుందా నీకు? కనీసం పేరైనా అడగొద్దూ?"

"మీ వదినే కదమ్మా, మీకు తెలీదా? చెప్పండి, బస్సుల ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటా. ఏం పేరు?"

నోరు తెరిచాను. వదిన అన్న మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.