ఒక సీడీ సేపు

మంచుకు చప్పుడు ఉండదంటారు.

ఎండ దేశం వాళ్ళెవరో అని ఉంటారు. మంచుకు చప్పుడు ఉంది. కిటికీ అద్దం మీద... సరసరా... సరసరా... అవతల ఎవరో చేటలో నూకలు చెరుగుతున్నట్టు. నవంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా ఆగదు. సరస్సు మీంచి లేస్తుంది. గుట్ట ఎక్కుతుంది. ఐలీ ఇంటి మీద కూర్చుంటుంది.

ఇక లేవదు.

ఐలీ కూడా లేవదు. లేచి నాలుగడుగులు వేసిందంటే, మంచం మీది మనిషి పిలుస్తాడు.

మాటతో కాదు. మాట పోయింది. కుడి వైపంతా పోయింది. ఎడమ చేత్తో మంచం కమ్మీ మీద కొడతాడు.

టంగ్. టంగ్. టంగ్.

వైనో. నలభై మూడేళ్ళుగా మొగుడు.

కొట్టే మనిషి కాదు. తాగి తిరిగే మనిషీ కాదు. మాట్లాడని మనిషి. కాఫీ కావాలంటే కప్పు ముందుకు జరిపేవాడు. చాలంటే వెనక్కి జరిపేవాడు. రాగి గని మూసేశాక ఆ కప్పు జరిపే చప్పుడే ఇంట్లో సంభాషణ. గోడతో కాపురం చేసినా నయమే, అరిస్తే తిరిగి పలుకుతుంది.

ముందటేడాది నవంబరులో ఐలీ, సరస్సు అవతలి కొస డులూత్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. వైనో పెరట్లో ఆవిరి స్నానానికి వెళ్ళాడని చూసుకునే చేసింది.

"ఎల్మా, ఇక నా వల్ల కాదే. బుధవారం బస్సెక్కుతున్నా. మళ్ళీ రాను."

"ఆ మాట ఇరవై ఏళ్ళ కిందట అనాల్సింది. రా, పక్క వేసి ఉంచుతా" అంది ఎల్మా.

సోమవారం పొద్దున వైనో వంటింట్లో కూలిపోయాడు.

బుధవారం బస్సు ఐలీ లేకుండానే వెళ్ళింది.

ఎంత ఓర్పు, ఎంత సేవ — అంది ఊరంతా. చర్చి వాళ్ళు కూరా రొట్టే తెచ్చిపెట్టారు, మెచ్చుకుని వెళ్ళారు. మెచ్చుకున్న కొద్దీ ముడి బిగుసుకుంది. పడిపోయిన మొగుణ్ణి వదిలి వెళ్ళిన ఆడదాన్ని ఆ ఊరు క్షమించదు. ఊరి సంగతి సరే, ఐలీయే క్షమించుకోలేదు.

మాట నేర్పే అమ్మాయి ఒకతె ఆరు వారాలు వచ్చింది. పెదవులు ఎలా తిప్పాలో చూపించింది. వైనో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏడో వారం ఆ పిల్ల రాలేదు.

అప్పుడు... వినే పుస్తకం వచ్చింది.

ఊరి గ్రంథాలయం నుంచి ఐలీయే తెచ్చింది, ఎవరిదో ఒకరి గొంతు ఇంట్లో వినబడితే చాలని. మంచం పక్క బల్ల మీద సీడీ పెట్టి మీట నొక్కింది. వెన్నలాంటి గొంతు ఏదో కథ చదవడం మొదలుపెట్టింది. వైనో చెయ్యి కమ్మీ మీద ఆగిపోయింది.

ఐలీ వంటింటి దాకా వెళ్ళింది. టంగ్ లేదు.

వసారా దాకా వెళ్ళింది. లేదు.

మర్నాడు రోడ్డు దాకా. ఆ మర్నాడు కారు తీసి, సరస్సు ఒడ్డు దాకా.

ఒక సీడీ డెబ్బై నిమిషాలు. అదీ ఆమె పలుపుతాడు పొడవు.

ఒడ్డున కారాపి కూర్చుంటుంది. యాలకుల రొట్టె ముక్క ఒకటి తింటుంది. గడ్డకట్టిన నీళ్ళను చూస్తుంది. ఇంకేమీ చెయ్యదు. ఆ ఏమీ చెయ్యకపోవడం కోసమే రోజంతా బతుకుతుంది. సీడీ అయిపోయేలోపు తిరిగొస్తుంది. వచ్చేసరికి ఆ గొంతు చదువుతూనే ఉంటుంది, వైనో కళ్ళు మూసుకుని వింటూనే ఉంటాడు. కథ ఎక్కడిదాకా వచ్చిందో ఐలీకి తెలియదు. ఒక్క కథా ఆమె వినలేదు.

రెండు సీడీల పెట్టెలు చూపిస్తే వైనో లావుపాటిదాన్నే వేలితో తట్టేవాడు.

కథల పిచ్చి పట్టింది ముసలాడికి... అనుకునేది.

పద్నాలుగు నెలలు. రోజుకో సీడీ.

మంగళవారం గ్రంథాలయంలో కొత్తవి పెట్టే రోజు. ఆ ఊరి ముసలివాళ్ళకు ఒక అలవాటుంది. విన్న పుస్తకమే మళ్ళీ తెచ్చుకోకుండా, పెట్టె లోపలి అట్ట మూల పెన్సిలుతో తమ గుర్తు వేసుకుంటారు. ఒకరిది చేప. ఒకరిది సున్నాలో చుక్క. ఐలీది మూడు గీతల దేవదారు. పుస్తకాల మీద రాయరాదని గోడకు పలక వేలాడుతుంటుంది. దాని కింద కూర్చునే రాస్తారు. అక్కడ పనిచేసే మార్సీ చూడనట్టు చూస్తుంది.

ఇప్పుడా వరుసలో ఏ పెట్టె తెరిచినా దేవదారే. అడవి అయిపోయింది.

విన్నదే మళ్ళీ పెట్టొచ్చు. కానీ పాత కథ పెట్టిందంటే, కథ అతని కోసం కాదని, తను గడప దాటడం కోసమని వైనోకు తెలిసిపోదూ? కొత్తదైతే కానుక. పాతదైతే తాళంకప్ప.

అందుకే ఐలీకి కొత్తవే కావాలి.

"వచ్చింది, ఐలీ గారూ. ఈసారి ఒక్కటే" అంది మార్సీ.

"ఒక్కటేనా?"

"ఒక్కటే. ఇక రావు కూడా. సీడీలు కొనడం ఆపెయ్యమన్నారు పైవాళ్ళు. అన్నీ ఫోన్లోకే దింపుకోవాలట."

"మా ఫోను గోడకుంటుంది కదే పిల్లా."

"నాకు తెలీదా? దాని తీగ కాలికి చుట్టుకుని మీ ఇంట్లో బోర్లా పడబోయాను." మార్సీ నవ్వింది. "వైనో గారెలా ఉన్నారు? ఏమన్నా మాట వస్తోందా?"

"ముందు మాత్రం వచ్చిందేమిటి?"

"మీ ఫిన్లాండోళ్ళంతా ఇంతేనండీ. నోరు తెరిస్తే చలి లోపలికి పోతుందని భయం."

"మీ వాళ్ళకు మూస్తే ఉక్కపోస్తుందని భయం."

ఇద్దరూ నవ్వారు. ఐలీ నవ్వు ముందు ఆగింది. పెట్టెలో పద్నాలుగు సీడీలు. పద్నాలుగు రోజులు.

"ఇదయిపోతే?"

"పక్క ఊళ్ళో అడిగి చూస్తాలెండి" అంది మార్సీ. ఆ మాటలో బలం లేదు.

ఐలీ పెన్సిలు తీసుకుంది. అక్కడే, విననైనా వినకుండా, మూడు గీతలు గీసేసింది.

మర్నాడు మధ్యాహ్నం మొదటి సీడీ పెట్టింది.

"కొత్తదే. చాలా పెద్దదట" అని చెప్పి దుప్పటి సర్దింది. వైనో ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆమె వెళ్ళింది.

సరస్సు దాకా వెళ్ళలేదు. సగం దారిలో గాలి లేచింది. ముందు తెలుపు, వెనక తెలుపు, తన కారు ముక్కు తనకే కనబడని తెలుపు. మెల్లగా వెనక్కి తిప్పింది. ఈలోపు మంచు తీసే బండి రోడ్డు ఊడ్చుకుంటూ వెళ్ళి, ఆ ఊడ్చిందంతా ఐలీ వాకిలికి అడ్డంగా నడుమెత్తు పోసింది. ప్రతి ఏడూ చేసే మర్యాదే అది. కారు రోడ్డు పక్కనే వదిలేసి, గట్టెక్కి దిగి, మోకాలి లోతు మంచులో ఇంటికి నడిచింది.

ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

వసారాలో బూట్లు విదిలించబోయి ఆగింది.

వెన్నలాంటి గొంతు వినబడడం లేదు.

కమ్మీ చప్పుడూ లేదు.

పోయాడా...

ఆ ఒక్క క్షణం ఆమె గుండె తేలికైంది. మరుక్షణం సిగ్గుతో ఒళ్ళంతా మండింది. కానీ తేలికైన మాట నిజం. ఆమె ఎప్పటికీ మరిచిపోలేనంత నిజం.

అప్పుడు వినబడింది.

చెక్క నేల మీద బండరాయి ఈడుస్తున్నట్టు — ఒక గొంతు.

"ను... నువ్... నువ్వు..."

ఆగింది. రొప్పింది. మళ్ళీ.

"నువ్వు... ఎల్... ఎల్..."

ఒక బూతు మాట. అది మాత్రం ఎక్కడా తడబడకుండా వచ్చింది.

ఐలీ కిటికీలోంచి చూసింది. వైనో వెల్లకిలా పడుకుని ఇంటికప్పుతో మాట్లాడుతున్నాడు. ఎడమ చెయ్యి సీడీ యంత్రం మీట మీద సిద్ధంగా ఉంది. మెడ నరాలు తేలాయి. ముఖమంతా చెమట.

"నువ్వు... ఎల్మా... దగ్గిరికి... పో."

ఐలీ తలుపు చట్రం పట్టుకుంది.

విన్నాడు. ఆ రోజు తువ్వాలుకో దేనికో వెనక్కి వచ్చుంటాడు, ఆమె ఫోన్లో అన్న ప్రతి మాటా విన్నాడు.

పద్నాలుగు నెలలు. రోజుకో సీడీ. ఆమె కారు గేటు దాటగానే ఆపేసి, ఆమె కారు గుట్ట ఎక్కే చప్పుడు వినగానే మళ్ళీ పెట్టి... ఒక్క కథా వినలేదు. ఆమె పారిపోయిన ఆ డెబ్బై నిమిషాలూ, పారిపొమ్మని చెప్పడం నేర్చుకుంటూ గడిపాడు. నలభై మూడేళ్ళలో ఆమె కోసం కూడబలుక్కున్న ఒకే ఒక్క వాక్యం. కోపంగా లేదు అది. బతిమాలుతున్నట్టూ లేదు. మోసిన బరువు జాగ్రత్తగా కిందికి దించుతున్నట్టుంది.

గోడ పలికింది.

ఇప్పుడెలా వెళ్తుంది?

ఇప్పుడెలా ఉంటుంది?

తలుపు తీస్తే, తను విన్నదని అతనికి తెలిసిపోతుంది. తియ్యకపోతే చలికి ఇక్కడే బిగుసుకుపోతుంది. గాలి విసిరే మంచు టోపీ మీద పడుతోంది, భుజాల మీద పడుతోంది. సరసరా... సరసరా...

లోపల మళ్ళీ మొదటినుంచి మొదలైంది.

"నువ్వు... ఎల్మా... దగ్గిరికి..."

ఆగింది. ఆఖరి మాట రావడం లేదు. ఎంత పెనుగులాడినా రావడం లేదు.

తలుపు ఇవతల, ఐలీ పెదవులు వాటంతటవే ముడుచుకున్నాయి, చంటిపిల్లాడికి మాట అందించే తల్లి పెదవుల్లాగా.