ఎత్తలేని కాగితం

సెప్టెంబరు వచ్చిందంటే ఆ బడ్జెట్ ఆఫీసు మూడో అంతస్తులో ప్రతి బల్ల మీదా గులకరాళ్ళు చేరతాయి. కోర్టులు, జైళ్ళు, ప్రొబేషన్ వాళ్ళు వచ్చే ఏటికి తమకేం కావాలో రాసి రాజధాని రీగాకి, ఆ ఆఫీసుకి పంపే కాలం అది. అవసరానికి మించి రాసిన కాగితం గాల్లోకి లేస్తుంది. ఉన్నదున్నట్టు రాసింది బరువెక్కి కూచుంటుంది. కోర్టుల ఫైలు ఏటా తిన్నగా పోయి పైకప్పుకి అంటుకుంటుంది, విజ్మ కుర్చీ ఎక్కి చీపురుకట్టతో దాన్ని కిందికి దించుతుంది. జైళ్ళది నడుమెత్తున ఊగుతూ ఉంటుంది, దానికి రెండు రాళ్ళు పెడితే చాలు.

ఇరవై రెండేళ్ళుగా విజ్మ పని ఆ కాగితాలను పరిశీలించడమే. పరిశీలన అని పేరేగానీ, అందులో పెద్ద కష్టమేమీ లేదు. వాళ్ళు ఐదోవంతు పెంచి రాస్తారు, వీళ్ళు ఐదోవంతు కొట్టేస్తారు, తరవాత ఇద్దరూ కలిసి కాఫీ తాగుతారు. అదొక మర్యాద. ఆ మర్యాద తెలియని మనిషి ఒక్కతే, ప్రొబేషన్ శాఖ పెద్ద స్కైద్రీతె. శిక్ష పడినవాళ్ళను ఊళ్ళోనే ఉంచి, వారం వారం పలకరించి కనిపెట్టుకుని ఉండే శాఖ అది. ఒకప్పుడు ఆవిడ బడిపంతులమ్మ. ఐదుగురు అధికారులు కావాలంటే ఐదుగురనే రాస్తుంది.

పోయినేడు ఆవిడ కాగితాన్ని విజ్మ రెండు చేతులతో గానీ ఎత్తలేకపోయింది. బరువు తెలుస్తూనే ఉంది. అయినా ఐదోవంతు కొట్టేసింది. ఐదుగురిలో ఐదోవంతంటే ఒక మనిషి. పక్కన "పనికి ఇబ్బంది లేదు" అని రాసి, నిక్షేపంగా ఇంటికెళ్ళి బంగాళాదుంపలు వేయించుకుని తింది.

ఈ ఏడు ఆ కాగితం తోపుడు బండి మీద వచ్చింది. ఇద్దరు మనుషులు రొప్పుతూ దాన్ని బల్ల మీదికి దొర్లించారు, బల్ల కిర్రుమంది. వెనకాలే స్కైద్రీతె వచ్చి కుర్చీలో కూచుంది. అడిగింది అదే ఐదుగురిని. అడుగున మాత్రం పోయినేటి "పనికి ఇబ్బంది లేదు" అన్న మాటా, ఇల్గోనిస్ అనే ఒక మనిషి సంగతీ నాలుగు ముక్కల్లో రాసున్నాయి.

ఇల్గోనిస్ రంపపు మిల్లులో పనివాడు. పెళ్ళాం లేదు, పన్నెండేళ్ళ కూతురుంది. దొంగతనం కేసులో శిక్ష పడి, మంగళవారం మంగళవారం భోజనాల వేళ పక్క వీధిలోని ప్రొబేషన్ అధికారి దగ్గరికెళ్ళి సంతకం పెట్టొచ్చేవాడు. విజ్మ కొట్టేసింది ఆ అధికారి ఉద్యోగాన్నే. ఆ తరవాత సంతకం కోసం యాభై కిలోమీటర్ల దూరం బస్సులో పోవాల్సొచ్చింది. వారానికో పూట పని ఎగ్గొడుతున్నాడని మిల్లువాళ్ళు గొడవ పెట్టుకున్నారు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో మూడు వారాలు వెళ్ళలేదు. పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. ఊళ్ళో మళ్ళీ అధికారి ఉంటే వదిలేస్తానంటోంది కోర్టు. లేకపోతే ఇంకో రెండేళ్ళు. పిల్ల పొరుగింట్లో ఉంటోంది.

విజ్మ చదవడం ముగించి తలెత్తలేకపోయింది. స్కైద్రీతె గొంతు పెంచకుండానే అంది: "పోయినేటి కాగితాన్ని మీరు రెండు చేతుల్తో ఎత్తడం నేను చూశానమ్మా. ఇంక మీకు చెప్పేదేముందిలే అని ఊరుకున్నాను. తప్పు నాది కూడాను."

తిట్టినా బాగుండేది. విజ్మకి చెవుల దాకా మంటెత్తింది.

ఆవిడ వెళ్ళాక విజ్మ పై అధికారి గున్‌వాల్దిస్ దగ్గరికి పోయి, దీన్ని ముట్టుకోకుండా వదిలేద్దామంది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఒకళ్ళకి వదిలేస్తే కోర్టుల వాళ్ళు మన పీకల మీద కూచుంటారన్నాడు. "అయినా ఇబ్బంది లేదని రాసింది నువ్వే కదా, విజ్మా. ఇప్పుడు ఉందంటే నీ పరువేం కాను?"

పరువు మాట రాగానే విజ్మ జావగారిపోయింది. బల్ల దగ్గరికొచ్చి ఎర్ర పెన్సిల్ తీసి, మళ్ళీ ఒక మనిషిని కొట్టేసింది. సిగ్గు లేకుండా కాదు, సిగ్గుతో చచ్చిపోతూనే కొట్టేసింది.

డబ్బు మంజూరు చేసే కమిటీలో ఆనవాయితీ ఏమంటే, కాగితం చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరుగుతుంది, సభ్యులు చదవకుండా మూలన సంతకం గీకేస్తారు. కోర్టుల కాగితం ఎగురుతూనే చుట్టివచ్చింది. ప్రొబేషన్ కాగితం మాత్రం పెట్టిన చోటి నుంచి అంగుళం కదల్లేదు. చేసేది లేక ఏడుగురు సభ్యులూ లేచి, ఒక్కొక్కరే వచ్చి దాని మీదికి వంగారు. అంత దూరం వచ్చి వంగాక చదవకేం చేస్తారు?

"ఇబ్బంది లేదని పోయినేడు రాసిందెవరు?" అనడిగింది ఒక ముసలి సభ్యురాలు.

గున్‌వాల్దిస్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రాసినవాళ్ళ పేరు కాగితం మీద ఉండదు. విజ్మ నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు.

"నేనేనండీ," అంది విజ్మ. "బరువు తెలిసే రాశాను. ఈ ఏడు కూడా తెలిసే కొట్టేశాను."

ఐదుగురినీ ఇచ్చారు. విజ్మను కింది అంతస్తులోని పాత కాగితాల గదికి మార్చారు. నిజం చెప్పేశాను కదా, గుండె తేలికవుతుందనుకుంది పాపం. ఏం కాలేదు. రోజూ కాఫీ దగ్గర ఆ పన్నెండేళ్ళ పిల్ల గుర్తొచ్చేది.

జనవరిలో ఇల్గోనిస్ బయటికొచ్చి మళ్ళీ మిల్లులో చేరాడని తెలిసింది. ఫిబ్రవరిలో ఒకరోజు విజ్మ సెలవు పెట్టి ఆ ఊరెళ్ళింది. ఇల్గోనిస్ ఎవరని అడిగి, మిల్లు ముందర రొట్టె తింటున్న ఆ బక్కపల్చటి మనిషి పక్కన నిలబడి, దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి, "మీరు జైల్లో ఉన్నది నా వల్లేనండీ," అంది. సంగతంతా చెప్పింది.

అతను నములుతూ విన్నాడు. కోపగించుకోలేదు, ఫర్వాలేదనీ అనలేదు. రొట్టె ముక్కలు ఒడిలోంచి దులుపుకున్నాడు.

"మా పిల్లతో చెప్పండి ఆ మాట," అన్నాడు. "నేను మళ్ళీ దొంగతనం చేసి పోయాననుకుంటోంది. నేనెన్ని చెప్పినా నమ్మదు."

ఇల్లు చూపించి పనిలోకి పోయాడు. విజ్మ ఆ ఇంటి మెట్ల మీద మంచు తుడుచుకుని కూచుంది. మూడింటికి పిల్ల బడి నుంచి వచ్చి, ఎవరు కావాలని అడిగింది. విజ్మ లేచి నిలబడింది.