ఎవరి పుట్టినరోజు ముందు

బిడ్డకు తల్లి వైపు ఒక బీమా, తండ్రి వైపు ఇంకో బీమా ఉంటే బిల్లు ముందు ఎవరికి పంపాలి? ఏడాదిలో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ళ బీమాకి. నవ్వకండి, మా దగ్గర పద్ధతి అదే.

టాల్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో బిల్లులు చూసే మార్లిస్ ట్వైట్‌కి ఈ సంగతి ముప్పై ఏళ్ళుగా కంఠతా వచ్చు. ఆవిడ ప్రాణం తోడేసింది మాత్రం కాగితాలే. పదకొండు కంపెనీలు, పదకొండు రకాల ఫారాలు, ఒక్క గడి తప్పితే వెనక్కి. విసిగిపోయి రెండేళ్ళ కిందట మంచులో నాలుగు గంటలు కారు తోలుకుని రాజధానికి పోయి, శాసనసభ కమిటీ ముందు పదకొండు ఫారాలూ బల్ల మీద పరిచింది. అందరికీ కలిపి ఒకటే పెట్టండయ్యా, మీకు పుణ్యముంటుందని అడిగింది. చట్టం వచ్చింది. ఈ జనవరి నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే ఫారం, అదీ కంప్యూటర్లో. ఆసుపత్రిలో ఆవిడ పేరు రాసి కేకు కోశారు. గర్వపడింది, పడదా మరి.

ఫిబ్రవరిలో డీనా కోలార్ ఆరేళ్ళ కూతురు జూన్‌ని వెంటబెట్టుకొచ్చింది. పిల్లకి ముదిరిన ఉబ్బసం, రెండు వారాలకోసారి సూది పడాలి. డీనా మొగుడి దెబ్బలకు తాళలేక మూడు వందల మైళ్ళు పారిపోయి వచ్చిన మనిషి. కోర్టుకెక్కితే ఎక్కడున్నదీ చెప్పాల్సొస్తుందని కోర్టుకీ పోలేదు. మేమిక్కడున్నట్టు ఆయనకు తెలియకూడదని బతిమాలింది. నా నోట్లోంచి రాదమ్మా అంది మార్లిస్, మనస్ఫూర్తిగానే.

పాత ఫారాల్లో పక్కన కాస్త ఖాళీ ఉండేది. ‘తండ్రికి కాగితాలు పంపవద్దు’ అని అక్కడ రాసి, కంపెనీలో తెలిసినామెకి ఫోన్లో ఒక మాట చెప్పి పెట్టేది మార్లిస్. కొత్త ఫారంలో అన్నీ గడులే. తల్లిదండ్రులు కోర్టు ద్వారా విడిపోయారా? లేదు, అయితే పుట్టినరోజు లెక్కే. బిడ్డకు తల్లి బీమా కాక ఇంకోటి ఉందా? ఉంది, తండ్రి ఉద్యోగం తరఫున. తండ్రి పుట్టినరోజు మార్చిలో, తల్లిది అక్టోబరులో. తను పోరాడి తెచ్చిన ఫారం కదా, ఒక్క గడీ ఖాళీ వదలకుండా నింపి తండ్రి బీమాకి పంపేసింది. బిల్లు అందాక బీమా వాళ్ళు లెక్క కాగితం ఎవరింటికి పంపుతారో ఆ క్షణాన తట్టనే లేదు.

మార్చి మొదటి గురువారం పొద్దున ఫోన్ మోగింది. మెత్తటి మగ గొంతు. జూన్ వాళ్ళ నాన్ననన్నాడు. బీమా వాళ్ళు కాగితం పంపారనీ, ఆసుపత్రి పేరూ ఊరి పేరూ అందులో ఉన్నాయనీ చెప్పాడు.

“పాపకి మళ్ళీ సూది ఎప్పుడండీ? బొమ్మ కొన్నాను, నా చేత్తో ఇవ్వాలని.”

చెప్పడానికి వీల్లేదంది మార్లిస్.

“పర్లేదండీ. రెండు వారాలకోసారి వస్తున్నట్టు కాగితంలో తేదీలున్నాయిగా. నేను చూసుకుంటాలెండి.”

తర్వాతి సూది మర్నాడే. మార్లిస్ బీమా కంపెనీకి ఫోన్ చేస్తే, ఒకసారి పంపిన ఫారం వెనక్కి తీసుకోవడం చట్టంలో లేదన్నారు. అప్పుడు డీనాకి చేసింది.

“రేపు రావద్దు తల్లీ. ఇవాళే ఊరు మారిపో. ఆయనకి తెలిసిపోయింది.”

వెనక పిల్ల దగ్గు వినబడుతోంది.

“ఎవరు చెప్పారు?”

కంపెనీ అని తప్పించుకోవచ్చు, చట్టమని తప్పించుకోవచ్చు. మార్లిస్‌కి సిగ్గేసింది.

“నేనే. నేను నింపిన ఫారమే.”

డీనా తిట్టలేదు, తిట్టినా బాగుండేది. బూట్లు వేసుకోమని పిల్లకి చెప్పింది. పిల్ల దగ్గుతూనే ఎక్కడికమ్మా అంటోంది.

“సూది ఆపితే ఇది బతకదు మార్లిస్ గారూ. కొత్త ఊళ్ళో ఆసుపత్రి వాళ్ళు ఏ ఫారం నింపుతారు?”



“ఇదే, తల్లీ,” అంది మార్లిస్.