చెయ్యి కట్టకుండా

శిక్షణ రెండు రోజులు జరిగింది. ఘోరాలు అనుభవించి మనసు దెబ్బతిన్న మనుషులను ఎలా తాకాలో, తాకే ముందు ఏమడగాలో చెప్పారు. ల్యాబ్ ఇన్‌చార్జి వెనక వరసలో కునుకు తీసి, సర్టిఫికెట్ల ఫొటోలో మాత్రం ముందుకొచ్చి నిలబడ్డాడు. రక్తం తీసే సిస్టర్ మాత్రం విన్నదంతా మనసుకు ఎక్కించుకుని వచ్చింది.

వారం తిరక్కుండానే లారీ డ్రైవరొకతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మనిషి కొండలా ఉన్నాడు. రక్తం తీసే ముందు చేతికి బిగించే రబ్బరు పట్టీ చూడగానే ముఖం పాలిపోయింది. అంతకుముందు రెండుసార్లు ఆ కుర్చీలోంచే లేచి వెళ్లిపోయాడట.

సిస్టర్ పట్టీని పక్కన పెట్టేసింది. "ఏది వద్దో చెప్పండన్నా. అది మానేద్దాం."

"చేతులు కట్టొద్దమ్మా. ఒకసారి దారి దోపిడీగాళ్లు నన్ను లారీలోనే రెండు రోజులు..." అక్కడే ఆగిపోయాడు.

ఆమె మిగతాది అడగలేదు. "అయితే రెండో చేత్తో మీరే ఇక్కడ, మోచేతి పైన, గట్టిగా పట్టుకోండి. మీరు వదిలేస్తే నేనూ ఆపేస్తా."

రక్తం తీయడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఇన్‌చార్జి తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంటమ్మా, కబుర్లా? మనిషికి మూడు నిమిషాలు!"

"ట్రైనింగులో చెప్పిందే కద సార్."

"ట్రైనింగ్ ట్రైనింగే, డ్యూటీ డ్యూటీయే."

మర్నాడే ఆమెను రిపోర్టులిచ్చే కిటికీకి మార్చాడు.

నెల తర్వాత డ్రైవరు మళ్లీ వచ్చాడు. లోపల కొత్తమ్మాయి అలవాటు చొప్పున పట్టీ బిగించింది. ట్రే కిందపడిన చప్పుడు కిటికీ దాకా వినిపించింది. అతను మెట్లు దిగి పోతున్నాడు.

"చూశావా? మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు" అన్నాడు ఇన్‌చార్జి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కాగితాలు వదిలేసి పరుగెత్తింది. అతను కింది మెట్టు మీద కూర్చుని, పట్టీ బిగించిన చోట రుద్దుకుంటున్నాడు.

"ఈరోజు నా వల్ల కాదమ్మా."

"సరే. ఎప్పుడైతే అప్పుడే."

"గురువారం వస్తా. మీరుంటేనే."

ఆమె పైకొచ్చి ఇన్‌చార్జి ఎదుట నిలబడింది. "గురువారం నేను లోపలుంటా సార్. వద్దంటే ఎందుకు వద్దో రాసివ్వండి."

"మరి క్యూ?"

"మీకూ సర్టిఫికెట్ ఇచ్చారుగా. పక్క కుర్చీలో మీరు కూర్చోండి."

అతను ముఖం గంటుపెట్టుకుని, ఆ ఒక్క పూటకే ఒప్పుకున్నాడు.

గురువారం డ్రైవరు వచ్చాడు. ఈసారి తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. శుక్రవారం ఆమె మళ్లీ కిటికీ దగ్గరే కూర్చుని, లోపల కొత్తమ్మాయి "కదలకు, కదలకు!" అని ఎవరినో కసరడం పళ్లు బిగించి వింటూ ఉంది.