ఎత్తని ఫోను

అంబులెన్సులు పంపే కంట్రోల్ రూంలో అతన్ని అందరూ నిదానంగారు అనేవాళ్లు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అతికినట్టు కుదిరింది. అవతల ఎవరు ఎంత గోల పెడుతున్నా అతని గొంతు పెరిగేది కాదు, తడబడేది కాదు. "నేను వింటున్నాను. మీరెక్కడున్నారో చెప్పండి" అనేవాడు. ఆ మాటకే ఏడుస్తున్నవాళ్లు ఏడుపు దిగమింగి చిరునామా చెప్పేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లను అతని పక్కన కూర్చోబెట్టి, ఎలా మాట్లాడాలో చూసి నేర్చుకోమనేవాళ్లు.

డ్యూటీకి ముందు అతను పడే యాతన మాత్రం ఎవరికీ తెలియదు. లేస్తూనే గుండె దడదడలాడేది. ఆఫీసుకు పెందలాడే వచ్చి, వెనక సందులో కారు ఆపుకుని, స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు. చెమటకు తడిసిన చొక్కా మార్చుకోవడానికి సంచిలో ఇంకో చొక్కా ఎప్పుడూ ఉండేది. హెడ్‌సెట్ తలకు తగిలాక గానీ ఆ దడ తగ్గేది కాదు. అక్కడ ఏ ప్రశ్న తర్వాత ఏది అడగాలో అతనికి తెలుసు. అంబులెన్సు చేరితే ఆ మనిషితో పని కూడా అయిపోయేది.

సొంత ఫోను అలా కాదు. అది మోగితే చాలు, చేతులు చల్లబడేవి. ఎవరు ఏ కబురు చెబుతారో, తను ఏమనాలో, అన్నది తప్పయితే ఏమవుతుందో. మోగడం ఆగేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయేవాడు. తర్వాత మీటింగులో ఉన్నానని మెసేజి పెట్టేవాడు. అలా స్నేహితులు ఒక్కొక్కరే పలకరించడం మానేశారు. అక్క మాత్రం మానలేదు. "మా వాడు పెద్ద హోదాలో ఉన్నాడు, ఊపిరి సలపదు పాపం" అని నలుగురికీ ఆవిడే సర్దిచెప్పేది.

ఒక మధ్యాహ్నం డ్యూటీకి వచ్చి కారులో కూర్చుని ఉండగా అక్క ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. ఫోను సంచిలో అడుగున పెట్టి, చొక్కా మార్చుకుని లోపలికి వెళ్లాడు.

సీట్లో కూర్చున్న కాసేపటికి లైను మోగింది.

"నేను వింటున్నాను. మీరెక్కడున్నారో చెప్పండి."

"ఇంట్లోనే బాబూ. బాత్రూంలో జారిపడ్డాను. కాలు కదలట్లేదు. ఎవరూ లేరు ఇంట్లో."

అక్క గొంతు.

గదంతా గిర్రున తిరిగినట్టయింది అతనికి. అయినా నోరు తన పని తాను చేసుకుపోయింది. రక్తమేమైనా పోతోందా, తలకు దెబ్బ తగిలిందా, వీధి తలుపు గడియ వేసుందా. ఆవిడ ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూ చెబుతూ ఆగింది.

"ఒరేయ్, నువ్వేనా?"

"నేనేనక్కా."



"ముందు నీకే చేశాన్రా. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పరాయిదాన్నై ఈ నంబరుకి చేస్తే గానీ దొరకవా?"

బండి బయల్దేరిందని చెప్పాడు. వాళ్లు వచ్చేదాకా లైన్లోనే ఉంటానన్నాడు. బావ పనిమీద పొరుగూరు వెళ్లాడని, నేల చల్లగా ఉందని, కొళాయి కారుతూనే ఉందని అక్క చెప్పింది. "ఆ కొళాయి సంగతి మీ బావకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది" అంటూ నొప్పిలోనే నవ్వింది. అతనూ నవ్వాడు. అక్కతో అంతసేపు మాట్లాడి ఏళ్లయింది. ఇంతలో అటువైపు తలుపు చప్పుడు, మగవాళ్ల మాటలు వినపడ్డాయి. లైను పోయింది.

హెడ్‌సెట్ తీస్తే పక్క సీట్లవాళ్లంతా అతని వంకే చూస్తున్నారు.

"సొంత అక్కకే అలా అయినా గొంతు వణకలేదు. మీరేం మనిషి సార్" అంది కొత్తగా చేరిన అమ్మాయి.

అతను మంచినీళ్ల కోసం అన్నట్టు లేచి బయటికి వెళ్లాడు. మెట్ల మీద కూర్చుని, వణుకుతున్న మోకాళ్లను రెండు చేతులతో అదిమిపట్టుకున్నాడు.

మిగతా డ్యూటీకి సెలవడిగి, సాయంత్రం ఆసుపత్రికి వెళ్లేసరికి అక్క కాలికి కట్టుతో పడుకుని ఉంది. సెలైన్ సరిచేస్తున్న నర్సుతో, "మా తమ్ముడు. వీడిది ఉక్కు గుండె" అని చెప్పుకుంది. నర్సు వెళ్లాక అతను మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు చేసినప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది."

"మీటింగేమో అనుకున్నా."

"మీటింగు లేదు. ఏ రోజూ లేదు. నాకు ఫోనంటే భయం."

అక్క నవ్వింది. "ఫోనెత్తడమే కదరా నీ ఉద్యోగం."

అతను నవ్వలేదు. ఆవిడ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"ఎప్పట్నించి?"

"గుర్తులేదు. చాలా ఏళ్లయింది. ఫోనొక్కటే కాదు. పొద్దున్నే లేవాలన్నా భయమే."

"మరి చెప్పవేం?"

"ఎవరికి చెప్పను? అందరూ నన్ను చూసే ధైర్యం తెచ్చుకుంటున్నారు."

ఆవిడ ఏదో అనబోయి ఆగింది. నీకేం తక్కువ అనే మాటే అయుంటుంది. అది అనకుండా చాలాసేపు తమ్ముడి మొహంలోకి చూసింది.

"నాకు సరిగ్గా అర్థం కావట్లేదురా. ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఫోను చెయ్యడం మానెయ్యనా?"

"వద్దు. చెయ్యి."

"ఎత్తకపోతే?"

"ఎత్తకపోయినా చెయ్యి."

అప్పుడే బావ ఆయాసపడుతూ వచ్చాడు. "నువ్వుండబట్టి సరిపోయిందోయ్, నేనైతే కాళ్లూ చేతులూ ఆడక కూలబడేవాణ్ణి" అని భుజం తట్టబోయాడు.

"వాణ్ణి కాసేపు అలా కూర్చోనివ్వండి" అంది అక్క.

బావకేమీ అర్థం కాలేదు. మందులు తెస్తానని వెళ్లాడు. కాసేపటికి అక్కకు మత్తుగా కళ్లు మూతలు పడ్డాయి. అతను దుప్పటి సరిచేశాడు. గుండె ఎప్పట్లాగే కొట్టుకుంటోంది. లేచి వెళ్లిపోవాలని చాలాసార్లు అనిపించింది గానీ, వెళ్లలేదు.