అమృతవల్లి ఒప్పుకోని పాట

మా తమ్ముడు హనుమంతరాయుడు ఆదోనిలో పత్తి వ్యాపారి. అతని కూతురు జయశ్రీ భర్తను పోగొట్టుకొని ఎమ్మిగనూరు నుంచి పుట్టింటికి వచ్చిన ఏడు, ఇంట్లో అందరూ ఆమెతో ఎంతో మర్యాదగా మెలిగారు. ఆ మర్యాదను నేను నేటికీ క్షమించలేదు.

భర్త పోయిన స్త్రీ ఏడాదిపాటు లోపలి గది దాటరాదన్నది మా ఇంటి ఆచారం. ఆ ఏడాదీ ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పరాదన్నది దానికి తోడు. మొదటిది శిక్ష అని అందరికీ తెలుసు. రెండవదాన్ని దయ అనుకున్నారు. పప్పులో ఉప్పు లేదని జయశ్రీ అంటే లేదన్నారు. మరుక్షణం అదే పప్పు ఉప్పు కషాయమంటే, అవునవునన్నారు. ఆమె తమను పరీక్షిస్తున్నదని ఒక్కరూ గ్రహించలేదు. మాఘం వచ్చేసరికి ఆమె మాట్లాడడం మానివేసింది, ఆపై తినడం తగ్గించింది. "బిడ్డ మనసు కుదుటపడింది. వైరాగ్యం వచ్చింది" అని తమ్ముడు ఊరట చెందాడు. ఇంటినిండా పురాణాలున్నాయి, వైరాగ్యానికీ, మనిషి ఆరిపోవడానికీ భేదం తెలిసినవాడు లేడు.

నేను ఎదురు చెప్పరాదన్న ఆచారాన్ని పక్కకు నెట్టి, పుస్తకాల ప్రస్తావన తెచ్చి వాదానికి దిగాను. ఆమె తల ఊపి గోడవైపు తిరిగింది. ఆమెకు కావలసిన వాదం నా దగ్గర లేదు.

అది ఎవరి దగ్గర ఉన్నదో, వియ్యపురాలు అమృతవల్లి మంత్రాలయం నుంచి తిరిగిపోతూ, దారి మళ్లి మా ఇంట దిగిన రోజున తెలిసింది. ఆమె కొడుకు, జయశ్రీ భర్త ఇంద్రసేనయ్య విషజ్వరంతో పోయి అప్పటికి ఎనిమిది నెలలు. బతికి ఉండగా, ఎమ్మిగనూరులో టాకీ డేరా వేసినప్పుడల్లా అతడూ జయశ్రీ వెళ్లి సినిమా చూసేవారు. అతనికి కత్తియుద్ధాలు కావాలి, ఆమెకు కన్నీళ్లూ పాటలూ కావాలి. ఇద్దరూ దారి పొడుగునా వాదించుకుంటూ వచ్చి, విస్తళ్ల ముందు కూర్చున్నాకా ఆపేవారు కారట. వడ్డిస్తూ అమృతవల్లి వినేది.

ఆమె గదిలోకి వచ్చి, చాప మీద కోడలి ఎదురుగా కూర్చుంది. అందరూ ఏడుపు కోసం ఎదురుచూశారు.

"అమ్మీ, నువ్వు మెచ్చుకున్న ఆ పాముకాటు సినిమా ఉండాదే, ఒట్టి చెత్త. వాడు మెచ్చిన గుర్రాల సినిమానే మేలు."

మా మరదలు, జయశ్రీ తల్లి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జయశ్రీ మెల్లగా తల ఎత్తింది.

"అదీ ఒక సినిమానా అత్తమ్మా? కోట మీంచి దూకేటప్పుడు నల్లగుర్రం, కింద పడేటప్పటికి ఎర్రగుర్రం."

"గుర్రం రంగు సూసేదానికి పోయినావా, యుద్ధం సూసేదానికి పోయినావా?"

"నీ కొడుకూ ఇదే అనేవాడు."

"నా కొడుకు కాబట్టే అన్నాడు. నీ సినిమాలో మొగుడు విషమెక్కి సస్తాంటే ఆ యమ్మ కూసోని మూడు చరణాలు పాడుతుందా? సావు అట్లుంటుందా? వాడు పోయేటప్పుడు నువ్వు పాడినావా?"

"వదినా, ఏం మాటలివి!" అంటూ తమ్ముడు గడపలోకి వచ్చాడు. నేను చేయి అడ్డం పెట్టాను.

జయశ్రీ గోడను వదిలి అత్త వైపుకు జరిగింది.

"పాడలేదు. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. మంచినీళ్లు కావాలన్నాడు, అదైనా సరిగా ఇయ్యలేకపోయినా. అందుకే ఆ యమ్మ పాడాల అత్తమ్మా. యాడో ఒక చోట ఎవరో ఒకరు పాడాల."

అప్పుడు ఏడ్చింది. ఎనిమిది నెలల్లో అది మొదటిసారి. అమృతవల్లి ఆమెను దగ్గరికి తీసుకోలేదు. తన కళ్లు తుడుచుకుంది.

"అది నాకు తోచలేదు," అన్నది. తర్వాత, "అయినా ఆ పాట పొడుగే," అన్నది.

"పొడుగు కాదు."

"పొడుగే. మా ఇంట్లోనూ ఇప్పుడు నా మాటకు అందరూ ఊ కొడతాండారు. కూడు సయించడం లేదు."

జట్కా వచ్చింది. అమృతవల్లి లేచి వెళ్లి ఎక్కి కూర్చున్నాక, లోపలినుంచి వడివడిగా అడుగులు వినిపించాయి. జయశ్రీ గది గడప దాటింది, పడసాల దాటింది, వీధి గుమ్మంలోకి వచ్చి నిలుచుంది. ఎదుటి అంగట్లో గుమాస్తాలు పనులాపి చూశారు.

"అమ్మీ, లోపలికి పో. ఏడాది కాలేదు," అన్నాడు తమ్ముడు.

"ఆమె మాట ఇంకా ముగియలేదు, రాయుడూ. పక్కకు జరుగు," అన్నాను. అతడు నావైపు చూశాడు, వీధివైపు చూశాడు, పక్కకు జరిగాడు.

"అవి రెండు గుర్రాలే అత్తమ్మా!"

"ఒకటే!" అన్నది అమృతవల్లి జట్కాలోంచి. "ఎండ మారింది, అంతే. పున్నమికి వస్తా, అప్పుడు సెప్తా."

"రా. నేనూ సెప్తా," అన్నది జయశ్రీ. జట్కా మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.