అవతలి మొనలు

ఖర్మ కాకపోతే, మేకులు అమ్మినవాడి దగ్గరికే మేకులు పీకే సుత్తి కోసం వెళ్లాల్సొచ్చింది తాతబ్బాయికి. చోడవరం బజారులో ఆవేళ తీసున్న ఇనుప సామాన్ల కొట్టు దాసుదొక్కటే.

"ఏ మేకులు తియ్యాలి బాబూ?"

"నీ దగ్గర కొన్నవే. నాలుగంగుళాలవి," అన్నాడు నేలచూపులు చూస్తూ.

దాసుకు తెలియని సంగతా! కిందటేడు గోవాడ పంచదార ఫేక్టరీ బోనసుతో తాతబ్బాయి రేడియో కొన్నాడు. "కాస్త సౌండు తగ్గించరా" అన్న పాపానికి, పెంచి పెద్దచేసిన అన్న పరదేశి మీద ఒంటికాలి మీద లేచాడు. ఒకే ఇంట్లోని ఇద్దరి వాటాల మధ్య తలుపుకు మేకులు దిగ్గొట్టేశాడు. మహా మగతనం!

నిన్న మధ్యాహ్నం తాతబ్బాయి కూతురికి జ్వరంలో ఫిట్సొచ్చాయి. పెళ్లాం కేక విని, వదిన సన్యాసమ్మ అవతలనుంచి ఆ తలుపు దబదబా బాదింది. తెరుచుకుంటే కదా! ఎర్రటెండలో చెప్పుల్లేకుండా వీధి చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చింది. పిల్ల నిమ్మళించాక మళ్లీ అదే ఎండలో చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. ఆమె కాళ్ల బొబ్బలు చూసి తాతబ్బాయికి తల కొట్టేసినట్టయింది.

"సిన్న సుత్తైతే సెయ్యి నొప్పే గానీ మేకు రాదు. ఇదట్టుకెళ్లు. కర్ర పొడుగు, వెనక సీలిక సన్నం, మేకు తలకాయ జారదు," అన్నాడు దాసు. "అయితే ఒకటి. అవతల మొనలు వంచీసుంటే మాత్రం ఏ సుత్తీ పనిచెయ్యదు. తలుపు బద్దలు కొట్టడమే."

తాతబ్బాయి డబ్బులు తియ్యబోయి ఆగిపోయాడు. పిల్లలు తిరిగే గదిలోకి పొడుచుకొచ్చిన మొనల్ని వంచకుండా ఎవరుంచుతారు? వంచేశాడంటే, అన్న కూడా తమ్ముణ్ణి వదిలేసుకున్నట్టే. అటు మొనలు దిగుతాయన్న ఆలోచన కొట్టేటప్పుడు రావద్దూ, సిగ్గులేని వెధవకి!

ఇంటికొచ్చి సుత్తి పెట్టి చూశాడు. కోపం కొద్దీ దిగ్గొట్టినవాయె, మేకుల తలలు చీలికకు అందలేదు. కళ్లనీళ్లొచ్చాయి.

అవతలనుంచి ఠక్కుమని దెబ్బ వినిపించింది. ఒక మేకు తల ఇటు లేచింది.

"లాగరా. నేనిట్నుంచి కొడతన్నాను," అన్నాడు పరదేశి.

ఒక్కొక్కటీ ఊడొచ్చింది. తలుపు తెరుచుకుంది. అన్న చేతిలో పచ్చడిబండ, కాళ్ల దగ్గర గుడ్డపీలికల ఉండలు. వదిన పాత చీర ముక్కలవి. ఇన్నాళ్లూ మొనలకు చుట్టి ఉంచినవి.

"వంచలేదేటన్నయ్యా?"

"వంచితే మరి రావు కదరా."

తాతబ్బాయి వంగి ఒక గుడ్డ ఉండ చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఉండల పక్కనే, సుత్తితో సహా కూలబడిపోయాడు.